ఆట ఫోటో ఆ రాత్రికే, అడవి ఫోటో ఆర్నెల్లకు

ప్రశ్న: నమస్కారం సార్. మాది తిరుపతి, నాకు 41 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. నాలుగేళ్ల కిందట ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా, 70-300 లెన్సు కొన్నాను. అప్పట్నుంచీ ఆదివారమొస్తే ఇంట్లో ఉండను. నేలపట్టు పక్షులు, తలకోన, చంద్రగిరి కోట, గంగమ్మ జాతర, యూనివర్సిటీ గ్రౌండ్లో కబడ్డీ, దేన్నీ వదల్లేదు. హార్డ్ డిస్కులో 26 వేల ఫోటోలున్నాయి. తీసిన రోజే నలభై, యాభై వాట్సాప్ గ్రూపుల్లో పెడతాను. రెండు బొటనవేళ్లు, ఒక ‘సూపర్ అన్నా’, అంతే. మొన్న ఒక దుకాణం వాళ్లు నా గూడబాతు ఫోటోను అడక్కుండానే క్యాలెండర్ మీద వేసుకున్నారు. దేవాంగ పిల్లి (పేరుకే పిల్లి, కోతులకు దూరపు చుట్టం) ఎక్కడ కనిపించిందో లొకేషన్ పంపలేదని ఒక మిత్రుడు మాట్లాడటం మానేశాడు. ‘ఇన్ని తీసి ఏం చేస్తావు?’ అంటుంది మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు. నేను ప్రొఫెషనల్‌ని కాను, కావాలనీ లేదు. నలుగురికీ చూపించాలన్న ఆశ మాత్రం పోవడం లేదు. ఎలా పంచుకోవాలి? 11 ఫోటోలు పంపుతున్నాను, చూడండి.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మొదట మీ ఆవిడ పక్షాన రెండు మాటలు. ఆమె అడిగింది సరైన ప్రశ్నే. నాలుగేళ్లలో 26 వేలంటే ఆదివారానికి 125 చొప్పున. అన్ని తీయడంలో తప్పు లేదు. ఎగిరే పిట్ట కోసం బటన్ నొక్కి పట్టుకుంటే రెండు సెకన్లలో ఇరవై వచ్చి పడతాయి. ఆ ఇరవైలో ఒకటి ఏరి మిగతావి పక్కన పెట్టే పని మాత్రం మీది. దాన్ని మీరు చేయకుండా గ్రూపులోవాళ్ల నెత్తిన వేస్తున్నారు. వాళ్లు పాపం ఏ బస్సులోనో, టీ అంగడి ముందరో ఫోన్ తెరుస్తారు. అదే గూడబాతు, అదే కొమ్మ, పద్నాలుగు సార్లు. ఆ బొటనవేలు వాళ్ల మర్యాద, అంతకు మించి ఆశించకండి.

ఏరడానికి నాదొక మొరటు పద్ధతి ఉంది. తీసిన రోజు ఏదీ ఎంచను, ఎవరికీ పంపను. వారం ఆగుతాను. తెల్లవారుజామున నాలుగుకు లేచినదీ, బైకు పంక్చరైనదీ, దోమలు కుట్టినదీ అప్పటికి కాస్త మరుపుకొస్తాయి. మనం పడిన పాట్లు ఫోటోలో కనిపించవు. కానీ ఆ రోజు రాత్రి మనకు అవే కనిపిస్తుంటాయి, అందుకే మసకగా వచ్చినదాన్ని కూడా వదులుకోలేం. వారం తర్వాత చూస్తే చెయ్యి దానంతటదే డిలీట్ వైపు పోతుంది. 125లో మూడో నాలుగో మిగులుతాయి. ఒక్కటీ మిగలని వారాలు కూడా ఉంటాయి. ఆ వారం ఏమీ పంపకపోతే ఎవరూ అడగరు కూడా, నేను చూశాను.

అయితే ఈ వారం ఆగే నియమం ఆటల దగ్గర పనికిరాదు. ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆట ఫోటో ఇడ్లీ లాంటిది, వేడిమీదే పెట్టాలి.

ఒకసారి జిల్లా స్థాయి కబడ్డీ పోటీలకు వెళ్లాను. ఒక కుర్రాడు కూతకు వెళ్లినప్పుడల్లా నాకు మంచి ఫ్రేములు పడ్డాయి. ఆట ముగియగానే ఒళ్లంతా మట్టితో వచ్చి ‘అన్నా, నాది పడిందా?’ అన్నాడు. చిన్న తెర మీద చూపిస్తే కళ్లు ఇంతింత చేశాడు. రంగులు సరిచేసి పంపుతానని నంబర్ రాసుకున్నాను. సరిచేసేసరికి మూడు వారాలైంది. ఈలోగా వాడు హాస్టల్ ఖాళీ చేసి ఊరెళ్లిపోయాడు, ఆ నంబరూ పనిచేయలేదు. ఫోటో ఇంకా నా దగ్గరే ఉంది. ఆ రంగుల్లో నేను ఏం మార్చానో ఇప్పుడు నాకే గుర్తు లేదు.

కాబట్టి ఆటలకు వెళ్లిన రాత్రి పడుకునేలోపు ఒక ఐదు ఫోటోలు ఆటగాళ్లకు చేరాలి. రంగులు, కత్తిరింపులు తర్వాత చూసుకోవచ్చు. గ్రూపుల సంగతి ఆ తర్వాత. ముందు ఎవరి ఫోటో వాళ్లకు.

మీరు కబడ్డీ తీస్తున్నారు గనుక కొంచెం పనితనం గురించి కూడా చెబుతాను. కూతకు వెళ్లినవాడికి ఉండేది 30 సెకన్లు. మీరు పంపిన వాటిలో మూడు కబడ్డీ ఫోటోలున్నాయి, రెండింట్లో వీపులే కనిపిస్తున్నాయి. కారణం మీరు కోర్టు పక్కన నిలబడ్డారు. డిఫెండర్ల వెనక గీత అవతల, ఒక మూలన, నేలమీద చతికిలబడండి. రైడర్ మొహం మీవైపే వస్తుంది, పట్టుకునే చేతులు ఇటూ అటూ నుంచి ఫ్రేములోకి వస్తాయి. షట్టర్ స్పీడు సెకనులో 800వ వంతు కన్నా నెమ్మది కానీయకండి. మీ తరహా లెన్సులు 300 దగ్గర పెద్దగా తెరుచుకోవు, కాబట్టి రాత్రి లైట్లలో ఐఎస్‌ఓ, అంటే కెమెరా వెలుతురును అందుకునే చురుకుదనం, 6400కి పోక తప్పదు. ఫోటోలో చుక్కచుక్కలుగా గరుకు వస్తుంది, రానివ్వండి. గరుకు ఫోటోను కూడా ఆటగాడు ఫ్రేము కట్టించుకుంటాడు. మొహం చెదిరిన ఫోటోను కట్టించుకోడు. ఒక ఫోటో వెలుగుగా, పక్కది పసుపుగా, ఆ పక్కది చీకటిగా వస్తోందంటే తప్పు మీది కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని ఫ్లడ్‌లైట్ల వెలుగు దానికి రెట్టింపు, అంటే సెకనుకు వందసార్లు, తగ్గి పెరుగుతుంటుంది. మీ కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే నాలుగు ఎక్కువ తీసి ఏరుకోండి.

బడి పిల్లల ఆటలైతే ఫోటోలు నేరుగా గ్రూపుల్లో పడేయకండి. పీఈటీ సారుకో కోచ్‌కో ఇవ్వండి, తల్లిదండ్రులకు వాళ్లు చేరుస్తారు. బట్టలు చెదిరి పడిపోయిన ఫోటోలుంటే, అది ఎంత గొప్ప క్షణమైనా, గ్రౌండ్ దాటకముందే కెమెరాలోనే తుడిచేయండి. ఇంటికి తెచ్చి ఆలోచించే విషయం కాదది.

ఇక అడవి. మీ మిత్రుడి విషయంలో మీరు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. మాట్లాడటం మానేస్తే మానేయనివ్వండి, మళ్లీ మాట్లాడతాడు. దేవాంగ పిల్లి మళ్లీ కనిపిస్తుందన్న గ్యారంటీ లేదు.

నేనూ ఒకప్పుడు మీ మిత్రుడి తరహానే. పన్నెండేళ్ల కిందట ఒక చెరువు గట్టున, పాత చింతచెట్టు తొర్రలో గుడ్లగూబల జంట పిల్లల్ని పెట్టింది. నేను ముగ్గురికి చెప్పాను. ముగ్గురూ మంచివాళ్లే. వాళ్లు తలా ముగ్గురికి చెప్పారు, వాళ్లూ మంచివాళ్లే అయ్యుండాలి. రెండో ఆదివారానికి ఆ చెట్టుకింద తొమ్మిది బైకులు. ఆకులు అడ్డొస్తున్నాయని ఎవరో ఒక కొమ్మ విరిచారు. కొమ్మ పోయేసరికి తొర్రలోకి ఎండ పడింది, కాకులకు దారి దొరికింది. మూడో ఆదివారం వెళ్తే తొర్ర ఖాళీ. నా ఫోటోకు మాత్రం మెచ్చుకోళ్లు బాగానే వచ్చాయి. ఆ చెరువు పేరు ఈరోజుకీ నేను రాయను.

దేవాంగ పిల్లి గుప్పెడు ప్రాణి. రాత్రి తిరుగుతుంది, ఆ పెద్ద కళ్లు చీకటి కోసం తయారైనవి. మొహం మీద టార్చి కొడితే కొమ్మ మీద అలాగే బిగుసుకుపోతుంది. అది పోజు ఇస్తోందని మనవాళ్లు అనుకుంటారు. చేతబడులని, తావీదులని దాన్ని పట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. లొకేషన్ పిన్ గ్రూపులో పెడితే ఫోటోగ్రాఫర్లతో పాటు వాళ్లకూ చేరుతుంది. పైగా శేషాచలంలో ఎర్రచందనం వల్ల నిఘా ఎక్కువ. రాత్రిపూట టార్చీలతో తిరిగే మనిషిని ‘పాపం ఫోటోగ్రాఫర్’ అని ఎవరూ అనుకోరు. అభయారణ్యంలో ఫోటోలకు 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద అనుమతి కావాలి. అనుమతి లేని దారిలో తీసి గ్రూపులో పెట్టడమంటే మన మీద మనమే సాక్ష్యం పంపుకోవడం.

అందుకే అడవి ఫోటోను ఆవకాయలా ఊరనివ్వమంటాను. గూడు ఫోటో అసలు పంచకండి, ఆ మాటకొస్తే తీయకండి. అరుదైన జంతువైతే ఆర్నెల్ల తర్వాత, ‘శేషాచలం కొండల్లో, ఒక వేసవి రాత్రి’ అని రాసి పెట్టండి. చూసేవాడికి అంతకన్నా అవసరం లేదు. మీ కెమెరాలోనో ఫోన్లోనో లొకేషన్ నమోదు ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో నుంచి ఆ వివరం పోతుంది, ఫోటో నాణ్యతా తగ్గుతుంది. నాణ్యత కోసమని డాక్యుమెంట్‌గా పంపితే ఫోటోతో పాటు అక్షాంశ రేఖాంశాలు కూడా వెళ్లిపోతాయి. నోరు మూసుకుని కూర్చున్నా మన ఫైలు చాడీ చెబుతుందన్నమాట.

మీ దగ్గరున్న సమాచారం వృథా కాకూడదనుకుంటే ఈబర్డ్ (పక్షులకు), ఐనాచురలిస్ట్ (అన్ని జీవులకు) లాంటి వెబ్‌సైట్లలో నమోదు చేయండి. అక్కడ ప్రమాదంలో ఉన్న జాతుల కచ్చితమైన చోటును మామూలు జనానికి కనబడకుండా దాస్తారు. పరిశోధన చేసేవాళ్లకు మీ తేదీ, మీ ఫోటో పనికొస్తాయి. మన పొరుగున కడప వైపు కలివికోడి సంగతి మీరు వినే ఉంటారు. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్న పిట్ట అది. పక్షి శాస్త్రవేత్తలు బొమ్మలు చూపించి ఊళ్లల్లో అడుగుతూ పోతే, 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానికుడికి దొరికింది. బొమ్మ నలుగురికీ చూపించడం వల్ల ఒక జాతి ఉనికే బయటపడింది. అలా పట్టుబడ్డ ఆ మొదటి పిట్ట మాత్రం బతకలేదు. అడవి ఫోటో పంచుకోవాలా వద్దా అన్నప్పుడల్లా నాకు ఈ రెండూ కలిపే గుర్తొస్తాయి.

అన్నిచోట్లా ఇంత గుట్టు అక్కర్లేదు. నేలపట్టు 1976 నుంచి పక్షుల అభయారణ్యం, ఊరంతా తెలిసిన చోటు. అక్కడి గూడబాతుల గురించి ఎంత వివరంగా రాస్తే అంత మంచిది. మీరు మాత్రం ఫోటో కింద ‘ప్రకృతి అందాలు’ అని రాశారు. అది ఏ ఫోటో కిందైనా రాయొచ్చు. ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని అక్కడి రైతులు వాటి జోలికి పోరు, ఇంకొకర్ని పోనివ్వరు. ఆ ఒక్క మాట రాస్తే మీ గ్రూపులో సేద్యం తెలిసిన పెద్దాయన ఎవరో ఒకరు బొటనవేలు మానేసి నాలుగు వాక్యాలు రాస్తారు. కావాలంటే చేసి చూడండి.

చిరుత సంగతి వేరు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుత దాడిలో చనిపోయింది. అప్పట్నుంచీ ఈ ఊళ్లో చిరుత ఫోటో అంటే అందమైన బొమ్మ ఒకటే కాదు, కొండ ఎక్కబోయే మనిషికి అదొక కబురు. మూడేళ్ల కిందట ఇంకో రాష్ట్రంలో తీసిన వీడియో ‘ఇప్పుడే, మెట్ల దారిలో’ అని తిరుగుతుంటుంది. అందుకని మీ ఫోటోలో చిరుత ఉంటే తేదీ లేకుండా ఎవరికీ పంపకండి. నిజంగానే జనం తిరిగే దారి పక్కన కనిపించిందా, మొదట అటవీ సిబ్బందికి చెప్పండి, వాళ్లకు మాత్రం చోటు గజం తేడా లేకుండా చెప్పండి. గ్రూపులో పెట్టడం ఆ తర్వాతి మాట. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులదీ ఇదే వరస. ‘మీకు ఫోటో పడింది, మాకు పంట పోయింది’ అని అక్కడొక రైతు నాతో అన్నాడు. తొక్కిన మడిలో నిలబడి విన్నాను, లెన్సు మూత పెట్టేశాను.

ప్రయాణాల ఫోటోల గురించి చెప్పడానికి నా దగ్గర తక్కువే ఉంది. చంద్రగిరి రాజమహల్ ముందు నుంచి తీసిన ఫోటోలు లోకంలో లెక్కలేనన్ని ఉన్నాయి, మీవీ అలాగే ఉన్నాయి. బయటి ఊరివాడు గంటసేపు ఉండి పోతాడు. మీరు ఏడాదిలో పదిసార్లు వెళ్లగలరు. ఆ గోడ నీడలో అన్నం క్యారియర్ విప్పే పనివాళ్లో, వానకు పచ్చబడ్డ కోట రాళ్లో, మీకు తప్ప ఎవరికీ దొరకనిది తీయండి. పంచుకునేటప్పుడు ఏడెనిమిది ఫోటోలు ఒక వరసలో పెట్టి, ఎక్కడ బయల్దేరి ఎక్కడ తేలారో తెలిసేలా నాలుగు ముక్కలు రాస్తే చాలు.

జాతర గురించి ఒక మాట చెప్పకపోతే మాత్రం నాకు నిద్రపట్టదు. మీరు పంపిన వాటిలో మాతంగి వేషంలో ఉన్న మనిషి ఫోటో ఒకటుంది, దాని కింద నవ్వే బొమ్మలు పెట్టారు. మీరు ఎగతాళి చేయలేదని నాకు తెలుసు, తిరుపతి మనిషి చేయడు. కానీ ఆ ఫోటో ఫార్వర్డై ఏ హైదరాబాదుకో బెంగళూరుకో పోతే అక్కడివాళ్లకు ఆడవేషం వేసిన మగవాడే కనిపిస్తాడు. అది గంగమ్మకు మొక్కు అని, బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అంటూ రోజుకొకటి వరసగా వస్తుందని ఫోటో కింద మీరే రాయాలి. ఇంకా వీలైతే ఆ మనిషిని వెతికి ఒక ప్రింటు ఇవ్వండి. ఒక టీ, రెండు మసాలా వడల ఖర్చు. వచ్చే ఏడాది జాతరలో మిమ్మల్ని చూసి ఆయనే పక్కకు పిలిచి, వేషం కట్టుకునే చోటికి తీసుకెళ్తాడు. నా దగ్గరున్న జాతర ఫోటోల్లో నలుగురికి చూపించదగ్గవన్నీ అలా దొరికినవే.

క్యాలెండర్ సంగతి. ఫోటో తీసినవాడిదే హక్కు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, రిజిస్టర్ చేయించుకోకపోయినా హక్కు ఉంటుంది, ప్రచురించిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు నడుస్తుంది. మీ దగ్గరున్న అసలు ఫైలే రుజువు, దాన్ని రెండు చోట్ల దాచండి. ముందు దుకాణానికి వెళ్లి, క్యాలెండర్ చేతిలో పట్టుకుని, ‘ఇది నా ఫోటో అన్నా’ అని మామూలుగా చెప్పండి. పది మందిలో అరవకండి. చాలామందికి అది తప్పని నిజంగానే తెలియదు. వచ్చే ఏడాది మీ పేరు వేస్తామనో, ఎంతో కొంత ఇస్తామనో అంటారు. మొండికేస్తే అప్పుడు లాయరు నోటీసు గురించి ఆలోచించండి. దీనికి భయపడి గూడబాతు రెక్కల మీదుగా ఇంత లావున మీ పేరు అచ్చేస్తున్నారే, అది మానేయండి. కింద మూలన చిన్నగా చాలు. దొంగిలించేవాడు ఎలాగూ కత్తిరిస్తాడు, మిగతావాళ్లకెందుకు శిక్ష?

ఇంట్లో విషయం. ఈ ఆదివారం కెమెరా బీరువాలో పెట్టి, హార్డ్ డిస్కు టీవీకి తగిలించి, మీ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక ఏడాది ఫోటోలు తీసి పన్నెండు ఏరమనండి. ఆమె దేన్ని ఎంచినా ‘అది ఫోకస్‌లో లేదు’ అనకండి. మా ఇంట్లో ఈ పని చేసినప్పుడు నేను ఏడాదంతా మురిసిపోయిన పాలపిట్టను మా ఆవిడ ఒక్క క్షణం కూడా ఆగకుండా దాటేసింది. తలకోన దారిలో వర్షానికి బస్‌షెల్టర్లో నిలబడ్డ ముసలామె దగ్గర ఆగింది. ఆ ఫోటో తీసినట్టు కూడా నాకు గుర్తు లేదు. ఇప్పుడది మా హాల్లో ఉంది.

మీ 11 ఫోటోలూ చూశాను. ఏడోది బాగుంది. రాత్రి లైట్లలో కాలేజీ అమ్మాయిల కబడ్డీ. ఒకమ్మాయి నడుం మీది పట్టు వదిలించుకుని ముందుకు పడుతోంది, ఆమె వేలికొనకూ మధ్య గీతకూ నడుమ జానెడు ఖాళీ. ఫోటో గరుకుగా ఉంది, ఒక మూల రెఫరీ కాలు తగిలింది. అయినా మిగతా పదీ పక్కన పెట్టి దీన్నే నాలుగుసార్లు తెరిచాను. ఫైలు మీద తేదీ రెండేళ్ల కిందటిది. ఇది ఆ అమ్మాయికి పంపారా?